విజయవాడ నుంచి నెగొంబోకు: సైకిల్ క్లబ్ వారాంతంలో విదేశీ రైడ్‌ను ఎలా ఏర్పాటు చేసుకోవాలి

చలికాలం దగ్గర పడేకొద్దీ విజయవాడ, గుంటూరు సైకిల్ బృందాల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: ఎక్కువ సెలవు పెట్టకుండా, మన సైకిళ్లతోనే, అందరం కలిసి ఒకసారి విదేశంలో రైడ్ చేసి రావడం వీలవుతుందా? వీలవుతుంది. మనకు దగ్గరలో అందుకు అనువైన చోటు శ్రీలంక పడమటి తీరంలోని నెగొంబో. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉన్న బృందాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. శుక్రవారం రాత్రి విజయవాడలో బయలుదేరి, చెన్నై నుంచి విమానంలో శనివారం మధ్యాహ్నానికి నెగొంబో చేరి, ఆదివారం ఉత్తరాన ఉన్న చిలావ్ పట్టణం దాకా తొక్కి వెనక్కి వచ్చి, సోమవారం రాత్రికి ఇల్లు చేరుతారు. సోమవారం ఒక్క రోజు సెలవు తప్పదు. దాన్ని కూడా మిగుల్చుకుందామని ఆదివారం రాత్రి విమానానికి టికెట్లు తీస్తే రైడ్ మొత్తం గడియారం చూసుకుంటూ చేయవలసి వస్తుంది కనుక ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

నెగొంబోనే ఎందుకంటే, కొలంబో అంతర్జాతీయ విమానాశ్రయం కొలంబో నగరంలో కాక కటునాయకెలో ఉంది. అక్కడి నుంచి నెగొంబో పది కిలోమీటర్ల దూరమే. నగరం రద్దీలోకి అడుగు పెట్టకుండానే తీరం చేరుకోవచ్చు. ఆ దేశంలోనూ వాహనాలు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి, గడియారం కూడా మార్చుకోనక్కరలేదు. తీరం వెంట దారి దాదాపు సమతలంగా, కోనసీమలోలాగా కొబ్బరి తోటల మధ్య సాగుతుంది. నాగపట్నం నుంచి కంకేశన్‌తురైకి ఓడలో వెళ్లవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. ఆ ఓడ చేరేది శ్రీలంక ఉత్తర కొసన ఉన్న జాఫ్నా తీరానికి. పైగా వాతావరణాన్ని బట్టి ఆగిపోతూ ఉంటుంది. వారం రోజుల తీరిక ఉన్నవారికి అది చక్కని దారే గానీ వారాంతానికి సరిపోదు.

మొదటే ఒక మాట చెప్పాలి. ఈ ప్రయాణంలో కష్టమైన పని చిలావ్ రోడ్డు మీద ఉండదు. సైకిల్‌ను విప్పి పెట్టెలో సర్దడం, దెబ్బ తగలకుండా చేర్చడం, మళ్లీ సరిగ్గా బిగించడం, వేర్వేరు బలం ఉన్న పదిమందిని ఒకే వేగంతో నడిపించడం అనే నాలుగు పనుల్లోనే ఉంటుంది. ఈ నాలుగింటినీ విజయవాడలో ఒకసారి పూర్తిగా సాధన చేయని బృందం సొంత సైకిళ్లతో బయలుదేరకూడదని నా గట్టి అభిప్రాయం.

కావలసినవి

ప్రతి ఒక్కరికి:
- ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉన్న పాస్‌పోర్టు, వీసా అనుమతి, తిరుగు టికెట్ ప్రతి, సైకిల్ తొక్కేటప్పుడు జరిగే ప్రమాదాలకు కూడా వర్తించే ప్రయాణ బీమా.
- సైకిల్ కొన్న బిల్లు ప్రతి, ఫ్రేమ్ నంబరు. ఈ నంబరు సాధారణంగా క్రాంక్ (పెడల్ బిగించే చేయి) అమరి ఉండే గొట్టం అడుగున చెక్కి ఉంటుంది. దాన్ని స్పష్టంగా ఫోటో తీసుకోండి.
- హెల్మెట్, ముందు వెనుక లైట్లు, రెండు ట్యూబులు, పంచరు కిట్, రెండు నీళ్ల సీసాలు.
- మీ సైకిల్ మోడల్‌కు సరిపోయే డీరైలర్ హ్యాంగర్ (వెనుక గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్క) ఒకటి అదనంగా. పెట్టెకు పక్క నుంచి దెబ్బ తగిలితే మొదట వంగేది ఈ చిన్న ముక్కే. ఒక మోడల్‌ది మరొక దానికి సరిపోదు, అక్కడ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

బృందం మొత్తానికి:
- నేల మీద పెట్టి కొట్టే గాలి పంపు ఒకటి, అలెన్ కీల సెట్లు రెండు, పెడల్ పానా, మరలను నిర్ణీత బలంతో బిగించే టార్క్ రెంచ్, చైన్ కట్టర్, చైన్ ఆయిల్ చిన్న సీసా.
- ప్యాకింగ్ టేపు నాలుగైదు చుట్టలు, జిప్ టైలు, రంగు టేపు, మార్కర్. వీటిలో సగం తిరుగు ప్రయాణానికి మిగలాలి.
- వేలాడదీసి తూకం వేసే చిన్న త్రాసు.
- మందుల పెట్టె, ఓఆర్ఎస్ పొట్లాలు.

దశ 1: తేదీ నిర్ణయించడం

మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వర్షం పడమటి తీరం మీదే పడుతుంది. అక్టోబరు, నవంబరులలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు వస్తాయి. కాబట్టి డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఉన్న వారాంతాల్లో ఒకటి ఎంచుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈశాన్యపు గాలి వీస్తుంది కనుక చిలావ్ వైపు వెళ్లేటప్పుడు అది కొంత ఎదురుగా తగిలినా, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు వెనుక నుంచి సాయపడుతుంది.

తేదీ ఖాయం చేసే ముందు శ్రీలంక క్యాలెండర్‌లో పౌర్ణమి ఎప్పుడో చూడండి. ప్రతి పౌర్ణమీ అక్కడ పోయ పేరుతో ప్రభుత్వ సెలవు దినం. అది వారాంతానికి అతుక్కుని వస్తే రోడ్ల మీదా బస గృహాల్లోనూ రద్దీ పెరుగుతుంది. ఇక నెగొంబో, చిలావ్ తీరంలో క్యాథలిక్ క్రైస్తవులు ఎక్కువ. ఆదివారం ఉదయం ప్రార్థనల వేళ చర్చిల ముందు జనం, వాహనాలు నిండి ఉంటాయి. తెల్లవారగానే బయలుదేరాలని చెప్పడానికి ఎండతో పాటు ఇది కూడా ఒక కారణం.

దశ 2: పాస్‌పోర్టు, వీసా, పేర్లు

మూడు నెలల ముందే అందరి పాస్‌పోర్టులూ ఒకరు సేకరించి గడువు తేదీలు చూడాలి. వీసా విషయంలో శ్రీలంక నిబంధనలు ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు మారాయి కనుక, నిరుడు వెళ్లి వచ్చినవారి మాట మీద ఆధారపడకుండా, టికెట్లు కొనడానికి ముందు ఒకసారి, ప్రయాణానికి పది రోజుల ముందు మరొకసారి ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖ అధికారిక ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) వెబ్‌సైట్‌లో చూసుకోండి. అదే రూపంలో కనిపించే ప్రైవేటు వెబ్‌సైట్లు అదనపు రుసుము తీసుకుంటాయి.

మన ప్రాంతంలో తరచూ జరిగే పొరపాటు పేర్ల దగ్గరే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా, అదీ విడి గడిలో ఉంటుంది. ఒకరే అందరికీ టికెట్లు తీసేటప్పుడు వాట్సాప్ గ్రూపులో కనిపించే పేర్లు చూసి నింపేస్తారు. టికెట్‌లోనూ, వీసాలోనూ, బీమాలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. సరిచూసుకునే పద్ధతి తేలిక: టికెట్ రాగానే ఎవరికి వారు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం పోల్చి, సరిపోయిందని గ్రూపులో రాయాలి. అందరూ రాసేదాకా ఆ పని ముగిసినట్టు కాదు.

దశ 3: సొంత సైకిలా, అద్దె సైకిలా

అందరూ సొంత సైకిళ్లే తేవాలన్న పట్టుదల అవసరం లేదు. రోజూ తొక్కే సైకిల్ కొలతలకు శరీరం అలవాటు పడి, ఏకబిగిన 80 కిలోమీటర్లు తొక్కేవారు సొంతది తెచ్చుకోవడమే మేలు. కొత్తగా చేరినవారు, మోకాళ్ల నొప్పి లేనివారు, 40 కిలోమీటర్లతో తృప్తి పడేవారు అద్దెకు తీసుకోవచ్చు. అయితే అద్దె ఇచ్చేవారిని ముందే సంప్రదించి, ఫ్రేమ్ సైజు, గేర్లు, టైర్ల స్థితి కనిపించేలా ఫోటోలు అడగండి. అద్దె తీసుకునేవారు తమ పెడళ్లను, కుదిరితే సీటును ఇక్కడి నుంచే పట్టుకెళితే సగం అసౌకర్యం తప్పుతుంది.

బ్యాటరీతో నడిచే సైకిళ్లు ఉన్నవారికి అద్దె ఒక్కటే మార్గం. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులు విమానంలోకి తీసుకెళ్లడానికి వీలు లేదు. ఆ సైకిళ్ల బ్యాటరీలు ఇంచుమించు అన్నీ ఆ పరిమితిని దాటినవే.

దశ 4: టికెట్లు, సామాను

చెన్నై నుంచి కొలంబోకు విమానం సుమారు గంటన్నరలో చేరుతుంది. శనివారం ఉదయం పది గంటల ప్రాంతంలో బయలుదేరే విమానం ఈ ప్రణాళికకు సరిపోతుంది. గన్నవరం నుంచే ఒకే టికెట్ మీద వెళ్లాలనుకునేవారు ఒక సంగతి కనుక్కోవాలి: చిన్న ఏటీఆర్ విమానాలకు సామాను తలుపు చిన్నది, సైకిల్ పెట్టెలు పదింటిని అవి ఒకేసారి మోయలేకపోవచ్చు. ఏ విమానం వస్తుందో తెలుసుకోకుండా టికెట్ కొనకండి.

విమానయాన సంస్థకు ఈమెయిల్ రాసి నాలుగు విషయాలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: సైకిల్ పెట్టె మామూలు సామాను పరిమితిలో భాగమా లేక విడిగా రుసుము ఉందా, ఒక్క పెట్టె గరిష్ఠ బరువెంత, కొలతల పరిమితి ఎంత, ఒకే విమానంలో పది పెట్టెలు అంగీకరిస్తారా. ఆ జవాబును ముద్రించి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ప్రతి ఉంచాలి. ఫోనులో చెప్పిన మాట కౌంటరు దగ్గర పనికిరాదు.

దశ 5: విజయవాడలో పూర్తి సాధన

ప్రయాణానికి ఆరు వారాల ముందు ఒక శనివారం సాయంత్రం అందరూ తమ సైకిళ్లను దశ 6లో చెప్పినట్టు విప్పి పెట్టెల్లో సర్దాలి. వాటిని ఒక వ్యాన్‌లో ఎక్కించి, ఊరిలో ఒక చుట్టు తిప్పి దించాలి. ఆ రాత్రే ఎవరిది వారు బిగించుకుని, ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి అదే సైకిల్ మీద రైడ్‌కు రావాలి. ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట దారిన అమరేశ్వరాలయం ఉన్న అమరావతి దాకా వెళ్లి వస్తే 70 నుంచి 80 కిలోమీటర్లు అవుతుంది. నెగొంబో రైడ్ కంటే ఇది కొంచెమే తక్కువ. గుంటూరు సభ్యులు లాం మీదుగా వచ్చి అమరావతిలో కలవవచ్చు. వారికి దూరం తగ్గుతుంది కాబట్టి మరో ఆదివారం విజయవాడ వచ్చి మొత్తం దారి తొక్కాలి.

ఈ రైడ్‌లో మూడు విషయాలు రాసుకోండి. సైకిల్ బిగించడానికి ఒక్కొక్కరికి ఎంత సమయం పట్టింది? బిగించిన సైకిల్ దారిలో శబ్దం చేసిందా, గేర్లు జారాయా? అందరికన్నా నెమ్మదిగా తొక్కిన సభ్యుడి సగటు వేగం ఎంత? ఆ మూడవ అంకె మీదనే నెగొంబో సమయపట్టిక అంతా నిలబడుతుంది. బృందం సగటు తీసుకోకండి. సగటు వేగంతో వేసిన పట్టిక నెమ్మదిగా వచ్చే ఇద్దరిని రోజంతా ఒంటరిగా, అపరాధ భావంతో తొక్కిస్తుంది; క్లబ్ రైడ్‌కు అంతకన్నా పెద్ద లోపం మరొకటి లేదు.

ఈ సాధన రైడ్‌లో గంటకు 15 కిలోమీటర్ల వేగం నిలబెట్టుకోలేకపోయినవారు ఉంటే, వారిని మానిపించనక్కరలేదు. దశ 9లో చెప్పిన పొట్టి దారికి వారిని ముందే కేటాయించండి.

దశ 6: సైకిల్‌ను విప్పి సర్దడం

కొత్త సైకిళ్లు వచ్చిన అట్టపెట్టెలు సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. రెండు వారాల ముందు చెప్పి ఉంచితే తీసి పెడతారు. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) కాళ్ల మధ్య, వెనుక చక్రం కూర్చునే చోట పెట్టే ప్లాస్టిక్ ముక్కలు కూడా ఆ పెట్టెల్లోనే వస్తాయి. వాటిని పారేయవద్దని చెప్పండి. అట్టపెట్టె మూడు నాలుగు కిలోలు, రోడ్డు సైకిల్ తొమ్మిది నుంచి పదకొండు కిలోలు తూగుతాయి కాబట్టి పనిముట్లు, బట్టలు చేరేసరికి 16, 17 కిలోలకు వస్తుంది.

అ) ముందుగా సైకిల్‌ను రెండు వైపుల నుంచి ఫోటో తీయండి. సీటుపోస్టు ఎంత లోపలికి ఉందో అక్కడ రంగు టేపు చుట్టండి. హ్యాండిల్ కోణానికి కూడా మార్కరుతో చిన్న గీత పెట్టండి.

ఆ) పెడళ్లు విప్పండి. కుడి పెడల్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్ మర ఉల్టా కాబట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. ఎడమ పెడల్‌ను రెండో వైపు బలంగా తిప్పి క్రాంక్ మర పాడుచేసుకోవడం చాలా మంది చేసే పొరపాటు. పెడళ్లు బిగిసిపోయి రాకపోతే ప్రయాణం రోజు దాకా ఆగకుండా మెకానిక్ దగ్గర వదులు చేయించి, మరకు గ్రీజు రాయించండి.

ఇ) హ్యాండిల్‌ను స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) ముందున్న మూత మరలు విప్పి బయటికి తీసి, ఫ్రేమ్ పక్కన జిప్ టైలతో కట్టండి. స్టెమ్‌ను ఫోర్కు నుంచి పూర్తిగా లాగకండి. లాగితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) బిగింపు మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. మూతను, మరలను వెంటనే స్టెమ్‌కే తిరిగి పెట్టేస్తే అవి పోవు.

ఈ) చక్రాలు తీయండి. డిస్క్ బ్రేకులు ఉన్నవారు ప్యాడ్‌ల మధ్య ప్లాస్టిక్ ముక్క గానీ మడిచిన గట్టి అట్ట గానీ పెట్టాలి. హైడ్రాలిక్ బ్రేకును చక్రం లేనప్పుడు నొక్కితే ప్యాడ్‌లు దగ్గరికి వచ్చి మూసుకుపోతాయి, నెగొంబోలో చక్రం ఎక్కదు.

ఉ) వెనుక డీరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, చైన్‌తో సహా గుడ్డలో చుట్టి, ఫ్రేమ్ త్రికోణం లోపల కట్టండి. ఈ ఒక్క పని చేస్తే ప్రయాణంలో జరిగే నష్టంలో ముఖ్యమైన భాగం తప్పుతుంది. విప్పడం రానివారు కనీసం పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు మార్చి డీరైలర్‌ను లోపలికి తెచ్చి, దాని చుట్టూ మందంగా అట్ట కట్టాలి.

ఊ) టైర్లలో గాలి చాలా వరకు తీయండి గానీ పూర్తిగా తీయకండి. కొద్దిగా గాలి ఉంటే రిమ్‌కు రక్షణగా ఉంటుంది. కౌంటరులో పూర్తిగా తీయమంటే తీయండి, వాదించవద్దు.

ఋ) చిన్న భాగాలన్నీ ఒకే సంచిలో వేసి, ఆ సంచిని ఫ్రేమ్‌కు కట్టండి. పెట్టె అడుగున విడిగా వేస్తే, అట్ట చిరిగిన మూల నుంచి మరలు జారిపోతాయి.

పెట్టెలో పెట్టకూడనివి: పవర్‌బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు. ఇవి చేతి సామానులోనే ఉండాలి. పనిముట్లు మాత్రం చేతి సామానులో ఉండకూడదు, పెట్టెలోకే వెళ్లాలి. కార్బన్ డయాక్సైడ్ గాలి సిలిండర్లు, చైన్ శుభ్రం చేసే స్ప్రే డబ్బాలు ఇంట్లోనే వదిలేయండి.

సరిచూసుకునే పద్ధతి: పెట్టె మూసి, ఒకసారి నిలువుగా, ఒకసారి పక్కకు వంచి ఊపండి. లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తే తెరిచి మళ్లీ కట్టాలి. తరువాత తూకం వేసి, బరువును పెట్టె మీద పెద్ద అంకెలతో రాయండి. ఒక్కరి పెట్టె పరిమితి దాటితే కౌంటరు ముందు పదిమంది పెట్టెలు తెరిచి సర్దుకోవలసి వస్తుంది.

దశ 7: చెన్నై దాకా, ఆ తరువాత

రైలులో వెళ్లడం హాయిగా అనిపిస్తుంది గానీ, బోగీలోకి అనుమతించే పెట్టె కొలతలను సైకిల్ పెట్టె దాటిపోతుంది. దాన్ని లగేజీ వ్యాన్‌లో బుక్ చేయాలి. అది మీ రైలులోనే చేరుతుందన్న భరోసా ఉండదు. జాతీయ రహదారి 16 మీద విజయవాడ నుంచి చెన్నై సుమారు 450 కిలోమీటర్లు. మనుషులకు ఒక టెంపో ట్రావెలర్, పెట్టెలకు ఒక చిన్న గూడ్స్ బండి మాట్లాడుకుని రాత్రి ఎనిమిదికల్లా బయలుదేరితే తెల్లవారుజాముకు విమానాశ్రయం చేరవచ్చు. రాత్రి ప్రయాణం కనుక ప్రతి బండికీ ఇద్దరేసి డ్రైవర్లు ఉండాలి. పెట్టెలను నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టండి. ఒకదానిపై ఒకటి పడుకోబెట్టకండి.

విమానాశ్రయంలో పెట్టెను అప్పగించడానికి ముందే కస్టమ్స్ అధికారి దగ్గరికి వెళ్లి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఈ సైకిల్ ఇక్కడి నుంచే వెళ్లిందని ఆ పత్రం రుజువు చేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు విదేశంలో కొన్న వస్తువుగా భావించి సుంకం అడిగే అవకాశం దీనివల్ల తప్పుతుంది. అధికారి వస్తువును చూసి నంబరు పోల్చుకుంటారు కాబట్టి ఫ్రేమ్ నంబరు ఉన్న వైపు పెట్టెకు తెరిచి చూపగల చిన్న కిటికీలా అట్ట కోసి, టేపుతో మూసి ఉంచితే మొత్తం పెట్టె విప్పే అవసరం రాదు. ఖరీదైన సైకిల్ ఉన్నవారు దీన్ని వదిలేయకూడదు. పదిమందికి ఈ పని జరగాలంటే విమానం వేళకు నాలుగు గంటల ముందు అక్కడ ఉండాలి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో క్యూఆర్ ద్వారా మన యూపీఐ చెల్లింపులు పనిచేస్తున్నాయి. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపును బయలుదేరే ముందే ప్రారంభించుకోవాలి. అయినా దారి పక్క కొబ్బరి బొండాల బండికి శ్రీలంక రూపాయలు చేతిలో ఉండాలి. భోజనం, బండ్ల ఖర్చులకు ఉమ్మడి నిధి ఒకరి దగ్గరే ఉంచండి.

దశ 8: శనివారం సాయంత్రం

విమానాశ్రయం నుంచి నెగొంబోకు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాలనే ఉత్సాహం వద్దు. మనుషులకు వ్యాన్, పెట్టెలకు సామాను బండి ముందే మాట్లాడుకోండి. బస ఎంచుకునేటప్పుడే పది సైకిళ్లు బిగించడానికి నీడ ఉన్న చోటు, రాత్రికి తాళం వేసే గది ఉన్నాయా అని అడగండి. ఖాళీ పెట్టెలను తిరుగు ప్రయాణం దాకా తడవకుండా దాచమని కోరండి.

బిగించాక ఈ పరీక్షలు ఇద్దరిద్దరు జతగా, ఒకరి సైకిల్ మరొకరు చేయాలి. ఎవరి పొరపాటు వారికి కనిపించదు.

- ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద టక్‌టక్‌మని కదలిక తెలిస్తే హెడ్‌సెట్ వదులుగా ఉంది.
- ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్‌ను తిప్పండి. జారితే స్టెమ్ మరలు చాలలేదు. చాలా స్టెమ్‌ల మీద 5 న్యూటన్ మీటర్లని ముద్రించి ఉంటుంది. మీ దాని మీద ఉన్న అంకెనే పాటించండి, ముఖ్యంగా కార్బన్ భాగాలకు.
- రెండు చక్రాలనూ లేపి తిప్పండి. రోటర్ (డిస్క్ బ్రేకు పళ్లెం) గీసుకుంటున్న చప్పుడు వస్తే చక్రం వాలుగా కూర్చుని ఉండవచ్చు, తీసి మళ్లీ పెట్టండి.
- వెనుక గేరును నెమ్మదిగా పెద్ద పళ్ల చక్రం మీదికి తెండి. డీరైలర్ చువ్వలకు తగిలేంత దగ్గరికి వస్తే అక్కడే ఆపండి. హ్యాంగర్ వంగింది, అదనంగా తెచ్చింది వేయాలి.
- సీటుపోస్టు టేపు గుర్తు సరిపోయిందా చూడండి.

తరువాత అందరూ కలిసి ఊళ్లో, తీరం వెంట పది కిలోమీటర్లు తొక్కి రండి. ఆ పది కిలోమీటర్లు వ్యాయామం కోసం కాదు, పరీక్ష కోసం. బయటపడవలసిన లోపాలు సాధారణంగా ఇందులోనే బయటపడతాయి. సరిచేసుకోవడానికి ఇంకా రాత్రంతా ఉంటుంది.

దశ 9: ఆదివారం రైడ్

దారి: నెగొంబో నుంచి ఏ3 రోడ్డు పట్టుకుని, కొచ్చికడె దగ్గర మహా ఓయ నది దాటి, వెన్నప్పువ, మారవిల, మాదంపె మీదుగా చిలావ్. వెళ్లి రావడానికి మొత్తం 85 నుంచి 90 కిలోమీటర్లు. పొట్టి దారి వారు మారవిల నుంచి వెనుదిరగాలి. అది సుమారు 40 కిలోమీటర్లు. ఏ బృందమూ ఎక్స్‌ప్రెస్ హైవే ఎక్కకూడదు, వాటి మీదికి సైకిళ్లను అనుమతించరు. మ్యాప్ యాప్ కారు దారి చూపిస్తుందేమో ముందు రాత్రే సరిచూసుకోండి.

ఆరుగురు దాటితే రెండు గుంపులుగా విడిపోండి. ప్రతి గుంపుకూ ముందు ఒకరు, చివర ఒకరు అనుభవం ఉన్నవారు ఉండాలి. చివరి వ్యక్తి దగ్గర పంపు, పనిముట్లు, ఛార్జింగ్ ఉన్న ఫోను ఉండాలి. ఎంత ఖాళీగా కనిపించినా ఒకే వరుసలో నడవండి. ఈ రోడ్డు మీద బస్సులు ఒకదానినొకటి దాటుకుంటూ వేగంగా వస్తాయి, ఎదురుగా వచ్చే బస్సు కూడా మీ వైపుకు రావచ్చు. హారన్ వినిపిస్తే చివరి వ్యక్తి గట్టిగా చెప్పాలి, అందరూ ఎడమకు జరగాలి. ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగి చూసినప్పుడు సైకిల్ కుడికి వాలుతుంది.

పుత్తళం రైలు మార్గం ఈ తీరం వెంటే వెళుతుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర పట్టాలు రోడ్డును ఏటవాలుగా కోస్తే, చక్రం పట్టాకు అడ్డంగా వచ్చేలా మలుపు తీసుకుని దాటాలి. తడిగా ఉంటే దిగి నడిపించండి.

సమయం: ఆరింటికి బయలుదేరాలి. గంటకు 18 కిలోమీటర్ల వేగానికి, కూడళ్ల దగ్గర ఆగడం కలుపుకుని తొమ్మిది లోపు చిలావ్ చేరుతారు. పదిహేను కిలోమీటర్లకు ఒకసారి, ఊరు దాటాక నీడ ఉన్న చోట ఆగి, అందరూ చేరాకే కదలండి. చివరగా వచ్చిన వారికి కూడా అయిదు నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. వారు రాగానే మిగతావారు బయలుదేరడం మన బృందాల్లో మానవలసిన అలవాటు.

చిలావ్‌కు కొద్ది దూరంలో మున్నేశ్వరం శివాలయం ఉంది. ఆ ద్వీపంలోని అయిదు ప్రాచీన ఈశ్వర క్షేత్రాల్లో ఇది ఒకటి. దర్శనం చేసుకోదలిచినవారు బిగుతు సైక్లింగ్ దుస్తులతో లోపలికి వెళ్లకుండా, పలుచని పంచె గానీ చున్నీ గానీ జేబులో పెట్టుకుని రావాలి. సైకిళ్ల దగ్గర ఇద్దరు కాపలా ఉండి, వంతులవారీగా వెళ్లండి.

పదిన్నరలోపు తిరుగు దారి పట్టకపోతే ఎండ, ఉక్క రెండూ కలుస్తాయి. మనం విజయవాడ ఎండకు అలవాటు పడ్డవాళ్లమని ధైర్యంగా ఉండకండి. సముద్రపు తేమలో చెమట ఆరదు, శరీరం చల్లబడదు. గంటకు ఒక సీసా నీరు, రెండు గంటలకు ఒక ఓఆర్ఎస్ పొట్లం లెక్కన తాగండి. తలనొప్పి, వణుకు మొదలైనవారు పట్టుదలకు పోకుండా తోడు వ్యాన్ ఎక్కాలి. ఆ వ్యాన్‌ను రోజంతటికీ మాట్లాడుకోవడం ఖర్చు అనిపించినా తప్పనిసరి. అత్యవసరమైతే అంబులెన్స్ నంబరు 1990, పోలీసు నంబరు 119. 1990 ఉచిత సేవ భారత ప్రభుత్వ సాయంతో 2016లో మొదలైంది. మన 108ను నడిపిన జీవీకే ఈఎంఆర్ఐ దాని ఏర్పాటులో పాలుపంచుకుంది. ఈ రెండు నంబర్లను, బస చిరునామాను కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి.

దశ 10: తిరుగు ప్రయాణం

ఆదివారం సాయంత్రమే సైకిళ్లు తుడిచి సర్దేయండి. సోమవారం ఉదయానికి వాయిదా వేస్తే విమానం హడావుడిలో డీరైలర్ విప్పకుండా వదిలేస్తారు. వెళ్లేటప్పుడు క్షేమంగా చేరిన సైకిల్ వచ్చేటప్పుడు దెబ్బ తినడానికి కారణం అదే. టైర్లకు, గొలుసుకు అంటిన ఇసుక, మట్టి పూర్తిగా పోవాలి. బరువు మళ్లీ తూచండి. కొన్న టీ పొట్లాలు, తడి బట్టలు రెండు కిలోలు పెంచుతాయి.

కొలంబోలో పెట్టె అప్పగించాక రసీదు చీటీని పాస్‌పోర్టులో ఉంచండి. చెన్నైలో పెట్టెలు సాధారణ బెల్టు మీద కాక, పెద్ద సామాను ఇచ్చే చోటుకు రావచ్చు. అందుకున్న వెంటనే బయటి అట్టను చూసి, చిరిగినా నలిగినా ఫోటో తీసి, విమానాశ్రయం దాటక ముందే సంస్థ కౌంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయండి. ఇంటికి వచ్చాక చెబితే పరిహారం రావడం కష్టం. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌ను కస్టమ్స్ దాటేటప్పుడు చేతిలో ఉంచుకోండి.

ఇల్లు చేరాక ఆ వారంలోనే సైకిల్‌ను బిగించి దశ 8లోని పరీక్షలన్నీ మళ్లీ చేయండి. ఉప్పు గాలి తగిలింది కాబట్టి చైన్‌ను, మరల తలలను తుడిచి నూనె రాయండి. ఫోర్కు కాళ్లు, చక్రం కూర్చునే చోట్లు, డీరైలర్ హ్యాంగర్ వెలుతురులో పరిశీలించి, కార్బన్ ఫ్రేమ్ మీద సన్నని గీత లాంటి పగులు కనిపిస్తే మెకానిక్ చూసేదాకా ఆ సైకిల్ తొక్కకండి.